పదకొండు సెకన్లు

"పదకొండు," అంది కుజుమి, ఫోనులో గడియారం ఆపుతూ. "ఏదీ, ఇంకోసారి చూద్దాం."

మిత్సుయో సేవ్ బటన్ నొక్కింది, ఆడినంతవరకు ఆటను కార్డు మీద రాసి దాచేది అదే. గోడకున్న పెద్ద తెర మీద ఆట ఆగిపోయి, అడుగున నీలం పెట్టె ఒకటి తెరుచుకుంది. 'రాస్తున్నాం. కార్డు తీయకండి' అన్న మాటలు, వాటి పక్కన తెడ్డు వేస్తూ వేస్తూ ఎక్కడికీ పోని చిన్న పడవ. సమావేశం గదిలో ఏడుగురు పెద్దవాళ్లు పనిమాలా ఆ పడవ వంక చూస్తూ కూర్చున్నారు. బయట ఎసాకా వీధుల మీద జూన్ వాన సన్నగా పడుతోంది. ఒకాయన టీ కప్పు మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టేశాడు.

"పదకొండే," అంది కుజుమి. ఆ పాత ఆట హక్కులు కొన్న టోక్యో కంపెనీ తరఫున వారానికి రెండుసార్లు బుల్లెట్ రైలెక్కి వచ్చే మనిషి ఆమె. నలభైకి ఒకటి రెండేళ్లు తక్కువ. "హమాగుచి గారూ, నాకు తెలియకడుగుతాను. ఇరవై ఏడేళ్ల కిందటి యంత్రంలో పదకొండు సెకన్లు పట్టిందంటే అర్థముంది. ఇప్పటి యంత్రం దానికి వెయ్యింతలు. అయినా అదే పదకొండేమిటి? ఇప్పటి పిల్లలు మూడు దాటితే పక్క ఆటలోకి పోతారు."

హమాగుచి ఈ పనికి నాయకుడు. ముప్పై మూడేళ్ల వాడు, చురుకైన వాడు, ఆ చురుకు సంగతి తనకే అందరికంటే బాగా తెలిసిన వాడు. "యంత్రం తప్పు కాదండీ," అన్నాడు నవ్వుతూ. "అసలు ఆట రాసినవాడి తెలివి అట్లా ఏడిచింది. సేవ్ భాగం చూశాను కదా, లెక్కపెట్టడం తప్ప ఇంకో పని లేదందులో. ఒకటి, రెండు, మూడు అంటూ కూర్చుంటుంది. రాస్తూ రాస్తూ నిద్రపోయుంటాడు."

గదిలో నవ్వులు. "ఎవరా మహానుభావుడు?" అని అడిగింది కుజుమి.

"ఎవరికి తెలుసండీ. ఆట చివర పేర్ల పట్టికలో 'ఉడుత' అని ఉంది. ఆ రోజుల్లో అసలు పేర్లు వేస్తే పక్క కంపెనీ ఎగరేసుకు పోతుందని ఎవరినీ వేసుకోనిచ్చేవారు కాదట. ఒకడు ఉడుత, ఒకడు వంకాయ, ఇంకోడు రెండో అల్లుడు."

మళ్లీ నవ్వులు. ఆట యంత్రం పిడిని ఒళ్లో పెట్టుకుని, ఎవరు ఏది నొక్కమంటే అది నొక్కడానికి మూలన కూర్చున్న యాభై నాలుగేళ్ల ఒరితా మిత్సుయో మాత్రం తెర మీద పడవనే చూస్తూ ఉండిపోయింది. ఆ పడవకు తెడ్డు గీసింది వంకాయ. ఆ లెక్క పెట్టింది ఉడుత. ఆ ఉడుత తనే.

"శుక్రవారానికి మూడు సెకన్లు చేసి చూపిస్తాను," అన్నాడు హమాగుచి.

"మూడంటే మూడే. పైవాళ్లకు చెప్పేస్తున్నాను మరి," అంది కుజుమి, పుస్తకంలో రాసుకుంటూ.

*

ఆడి చూసి ఆటలో తప్పులు పట్టే టెస్టర్ల గది నాలుగో అంతస్తులో ఉంది. ఎనిమిది మంది, ఎనిమిది తెరలు, కిటికీ లేదు. అందరూ ఏజెన్సీ పంపిన మనుషులే. మెడలో పసుపు పట్టీ ఉంటే ఏజెన్సీ మనిషి, నీలం పట్టీ ఉంటే కంపెనీ మనిషి. పసుపు పట్టీ బతుకంతా మూడు నెలల లెక్క. మూడు నెలలకోసారి నాయకుడు కాగితం మీద ముద్ర వేస్తే మరో మూడు నెలలు, వేయకపోతే ఆఖరి రోజున బిస్కెట్ల పెట్టె తెచ్చి అందరికీ పంచి సెలవు తీసుకోవడం. ఈసారి ముద్ర గడువు శుక్రవారం సాయంత్రం. మిత్సుయో ఇక్కడ ఎనిమిది ముద్రలు దాటింది. యాభై నాలుగేళ్ల టెస్టర్‌ను కొత్తగా ఎవరూ తీసుకోరని ఏజెన్సీ అమ్మాయి చాలా మర్యాదగా, రెండుసార్లు చెప్పింది.

మంగళవారం పొద్దున హమాగుచి ఆ గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఆట కొత్త కూర్పు పెట్టాను. కార్డు ఇప్పుడు అడిగిన క్షణంలో జవాబిస్తుంది. నిజం కార్డు అయితే ముక్క ముక్కగా రాసుకోవాలి గనక టైం పడుతుంది. మనది కార్డు వేషంలో ఉన్న ఫైలే కదా, రెప్పపాటు చాలు. చూసి చెప్పండి."

పక్క కుర్చీలో ముకాయ్ నొక్కాడు. ఇరవయ్యేళ్లు పచింకో అనే జూదపు యంత్రాల హాల్లో పనిచేసి వచ్చిన మనిషి, ఏ యంత్రం మీదా నమ్మకం లేదు. పడవ తెడ్డు వేసింది. వేసింది. ఇంకా వేసింది.

"పదకొండండీ," అన్నాడు ముకాయ్.

"సరిగా చూశారా?"

"పచింకో హాల్లో సెకన్లు తప్పు చూస్తే కొట్టేవాళ్లండీ. పదకొండే."

హమాగుచి మొహం వాడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోతుంటే మిత్సుయో తన తెర మీద తనకు కేటాయించిన పని చేసుకుంటూ పోయింది. మూడో అధ్యాయంలో ప్రతి గోడనూ కథానాయకుడి భుజంతో రాసుకుంటూ నడిపించి, ఎక్కడైనా గోడలోంచి అవతలికి దూరిపోతాడేమో చూడటం ఆ పని. చేతులు గోడల మీద ఉన్నాయి గానీ బుర్ర ఇంకెక్కడో ఉంది.

కార్డు ఎంత తొందరపడితే మాత్రం ఏం లాభం? తొందర పడాల్సింది కార్డు కాదు. ఆటకు తాను పాత యంత్రంలోనే ఉన్నానని నమ్మకం. అట్లా నమ్మించడమే కొత్త యంత్రంలో పాత యంత్రం వేషం కట్టే ఈ ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము పని. కనక ఆట పాత పద్ధతిలోనే ఒక ముక్క కార్డుకు ఇస్తుంది, తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారిందో లెక్కపెడుతుంది, ఆ లెక్క పూర్తయితే తప్ప రెండో ముక్క ఇవ్వదు. ఎదుటివాడు చెయ్యి చాచుకుని నిలబడి ఉన్నా సరే. అన్నీ ఇచ్చాక మొదటి నుంచి తిరిగి చదివి సరిచూసుకుంటుంది. సెకనుకు అరవై బొమ్మలు, అప్పుడూ అరవయ్యే, ఇప్పుడూ అరవయ్యే. ఇది హమాగుచికి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కాని టెస్టర్ చెప్పకూడదు.

ఆ గదిలో గోడకు అంటించిన కాగితంలో మొదటి నియమమే అది. టెస్టర్ తను చూసింది మాత్రమే రాయాలి. ఏం చేస్తే ఏం జరిగింది, అంతవరకే. ఎందుకు జరిగిందో రాయకూడదు. మొదట్లో ఒకతను ఉత్సాహం కొద్దీ కారణాలు ఊహించి రాస్తే, అవి పట్టుకుని కంపెనీవాళ్లు రెండు వారాలు తప్పుదారిలో పోయారట. అప్పటినుంచి కారణం నీలం పట్టీ వాళ్ల సొత్తు అయింది.

"ఒరితా గారూ," అన్నాడు ముకాయ్ గొంతు తగ్గించి, "పాపం హమాగుచి మొహం చూశారా? ఉడుత చేతిలో దెబ్బ తిన్న పులిలా ఉన్నాడు."

"గోడలు చూసుకోండి ముకాయ్ గారూ," అంది మిత్సుయో.

*

హమాగుచి తెలివైనవాడని ముందే చెప్పుకున్నాం. బుధవారం మధ్యాహ్నానికి అతను ఆట లోపలి లెక్కలన్నీ పట్టుకుని కత్తిరించి పారేశాడు. పడవ మూడుసార్లు తెడ్డు వేసి మాయమైంది. టెస్టర్ల గదిలో చప్పట్లు మోగాయి. హమాగుచి తలుపు దగ్గర నిలబడి వీడియో తీసుకుని అక్కడికక్కడే కుజుమికి పంపించాడు. పంపించి, "ఉడుత గారికి నిద్రాభంగం కలిగించాను," అన్నాడు. అందరూ నవ్వారు. మిత్సుయో కూడా నవ్వినట్లు పెదవులు కదిపింది, ఎందుకంటే ఆ గదిలో నవ్వని మొహం ఒక్కటే ఉంటే అది కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆమె అన్నం ముద్ద పొట్లం విప్పి సగం తిని పక్కన పెట్టేసింది. తరవాత ఎవరూ చెప్పకుండానే నాలుగో అధ్యాయం చివరికి వెళ్లింది. అక్కడ రేవు ఉంటుంది. రేవులో ముసలి పడవవాడు ఉంటాడు. అతని దగ్గర సేవ్ చేసుకుని బటన్ నొక్కగానే పడవ కదిలి అయిదో అధ్యాయం మొదలవుతుంది. ఆటంతటిలో సేవ్ చేసిన వెంటనే డిస్కులోంచి అంత పెద్ద మోతాదులో కొత్త లోకం యంత్రం జ్ఞాపకంలోకి దిగేది అక్కడొక్క చోటే. పాత యంత్రంలో జ్ఞాపకం అగ్గిపెట్టె అంత. ఇంకా కార్డుకు పంపాల్సిన చివరి ముక్క ఎక్కడుంటుందో, కొత్త లోకం దిగేదీ అక్కడే. ముందు ముక్క ఖాళీ చెయ్యాలి, ఆ తరవాతే లోకం దిగాలి. ఆ రెంటి మధ్యా కాపలా నిలబడింది హమాగుచి కత్తిరించిన ఆ లెక్క.

ఆమె సేవ్ చేసింది, వెంటనే బటన్ నొక్కింది, యంత్రం ఆపి మళ్లీ పెట్టి తెరిచింది. బాగానే ఉంది. మళ్లీ చేసింది. బాగానే ఉంది. ఆరోసారి తెరిచేసరికి కథానాయకుడి చెల్లెలి పేరు ఉండవలసిన చోట అర్థంలేని గీతలు, సంచిలో వస్తువులన్నీ సున్నా. మిత్సుయో కళ్లు మూసుకుంది. అవే గీతలు. వాటిని ఆమె మొదటిసారి చూసింది ఒక పిల్లవాడు ఉత్తరంలో పెన్సిలుతో గీసి పంపినప్పుడు.

ఇరవై సార్లు చేస్తే మూడుసార్లు పోయింది. రిపోర్టు రాసింది. చేసిన పని, జరిగిన సంగతి, ఇరవైలో మూడు. అంతే. కారణం లేదు.

నాలుగు గంటలకు జవాబు వచ్చింది. 'మామూలు ఆటగాడు అంత వేగంగా నొక్కడు. ప్రాముఖ్యం తక్కువ. విడుదల తరవాత చూద్దాం. హమాగుచి.'

మామూలు ఆటగాడు అంత వేగంగా నొక్కడట! తొమ్మిదేళ్ల పిల్లల వేళ్లు ఎంత వేగంగా నొక్కుతాయో ఈ అబ్బాయికి ఎవరు చెప్పాలి? చెప్తే ఎట్లా తెలుసంటాడు. నేనే రాశానంటే, మరి ఏజెన్సీ కాగితంలో చదువు అయినప్పటినుంచీ ఆఫీసుల్లో గుమాస్తా పనే చేశానని ఉందేమంటాడు. ఆ కాగితం అబద్ధమంటే రేపటినుంచి రానక్కర్లేదంటాడు. అన్నిటికంటే ముందు, నవ్వించడానికి ఉడుతను అంతమంది ముందు తిట్టిన మనిషికి ఆ ఉడుత తన టెస్టర్ల గదిలోనే ఉందని తెలిస్తే, శుక్రవారం ముద్ర కోసం చెయ్యి ఎందుకు చాస్తాడు? చెప్పకపోతే వేలమంది పిల్లల ఆట పోతుంది. చెప్తే తన కుర్చీ పోతుంది. సాయంత్రం అయిదున్నరకు అందరితో పాటు లేచి, గొడుగు తీసుకుని, లిఫ్టులో అందరికీ తలవంచి ఇంటికి వెళ్లింది.

*

గురువారం పొద్దున ఆమె ఆ రిపోర్టును మళ్లీ తెరిచింది. ముకాయ్ ఇంకా రాలేదు. కింద నాలుగు వాక్యాలు కలిపింది. చివరి ముక్క ఎక్కడ ఉంటుందో, కొత్త అధ్యాయం ఎక్కడ దిగుతుందో, మధ్యన లెక్క ఎందుకుందో. రాస్తున్నంతసేపూ చెవులు వేడెక్కి ఉన్నాయి. పంపించేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంకేం చేయాలో తోచక, గోడలను రాసుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

పదిన్నరకు పిలుపు వచ్చింది. ఆరో అంతస్తులో హమాగుచి ఒక్కడే ఉన్నాడు, ఇద్దరు పట్టే చిన్న గదిలో. ముందు ఆమె రిపోర్టు అచ్చు తీసి ఉంది. దాని పక్కన ముద్ర వేయని కాగితం కూడా ఉంది. అది కావాలని పెట్టాడో అలవాటుగా పెట్టాడో తెలియదు గానీ, మిత్సుయో కళ్లు మొదట దాని మీదే పడ్డాయి.

"కారణం రాశారు," అన్నాడు.

"తప్పేనండీ."

"నియమం సంగతి తరవాత. నేను రాత్రి నిద్ర మానుకుని ఆ భాగం రెండుసార్లు చదివితే కూడా ఆ చివరి ముక్క ఉండే చిరునామా నాకు దొరకలేదు. మీరు నాలుగు వాక్యాల్లో రాశారు. అసలు ఆట లోపల ఏముందో చూసే అనుమతే టెస్టర్లకు లేదు. ఎవరు చెప్పారు మీకు?"

మిత్సుయో బల్ల మీది కాగితాలు చూసింది. ఎవరో చెప్పారనవచ్చు. పాత స్నేహితురాలనవచ్చు. అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది కూడా.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే రాశాను."

"రిపోర్టు మీరే రాశారు, తెలుసు."

"ఆ భాగం. ఉడుత నేనేనండీ."

హమాగుచి కుర్చీ కిర్రుమంది. అతని మెడ మెల్లిగా ఎర్రబడింది. సోమవారం నుంచి తను అన్నవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకు తెచ్చుకుంటున్నాడని మిత్సుయోకు అర్థమై, చూపు కిటికీ వైపు తిప్పుకుంది. ఎదుటి మనిషి సిగ్గుపడుతుంటే చూడటం ఆమెకు రాదు.

"ముందే చెప్పి ఉండాల్సింది కదండీ," అన్నాడు చివరికి. మాటలో కోపం కంటే ఫిర్యాదు ఎక్కువగా ఉంది.

"మీరు తిడుతున్నప్పుడు చెప్పాలా?"

హమాగుచి ల్యాప్‌టాప్ తెరిచి తెరను ఆమె వైపు తిప్పాడు. "సరే. కూర్చోండి. రాయడానికి అయిదు సెకన్లు, తిరిగి చదివి సరిచూడటానికి రెండు. ఏడు. ఇవి ఎందుకో మీ రిపోర్టుతో తెలిసింది. మరి వీటి తరవాత ఇదిగో, ఇంకో రెండు వందల నలభై లెక్క. నాలుగు సెకన్లు. రాయడం అయిపోయింది, చూడటం అయిపోయింది. అప్పుడు కూడా పడవ తెడ్డు వేస్తూనే ఉంటుంది. ఈ నాలుగూ ఏం చేస్తాయండీ?"

మిత్సుయో తెర దగ్గరికి వంగింది. తన వరసలు తనకే పరాయి మనిషి చేతిరాతలా కనిపించాయి. అయినా ఆ రెండు వందల నలభై దగ్గర వేలు పెట్టింది.

"ఏమీ చేయవు," అంది.

"ఏమీ చేయవంటే?"

"మొదటి ముద్రణలో పిల్లల ఆటలు పోయాయండీ. రెండు వందల పైన ఉత్తరాలొచ్చాయి. ఒక్కొక్కటీ నా బల్ల మీద పెట్టించి, ప్రతి పిల్లవాడికీ నీ చేత్తోనే క్షమాపణ రాయమన్నారు మా సెక్షన్ పెద్ద ఇనోకుమా గారు. రాశాను. వేళ్లు వాచిపోయేదాకా రాశాను. ఆ తరవాత రెండో ముద్రణకు సరిచేశాను. ఏడు సెకన్లతో అంతా సరిపోయింది. సరిపోయిందని నాకు తెలుసు. అయినా ఇంకో నాలుగు పెట్టాను." ఆమె గొంతు సవరించుకుంది. "భయం వేసి పెట్టాను. అంతకు మించి కారణం లేదు. ఆ నాలుగింటి విషయంలో మీరు తిట్టింది సరైనదే."

హమాగుచి నవ్వుతాడేమోననుకుంది. నవ్వలేదు. ల్యాప్‌టాప్‌ను ఆమె ముందుకు జరిపాడు. "మీరే తీసేయండి."

ఇరవై ఏడేళ్ల తరవాత ఆమె వేళ్లు ఆ ఆట లోపల పడ్డాయి. పాత భాష, వరసకు రెండు మూడు అక్షరాలు. ఒక అంకె మార్చింది. హమాగుచి కత్తిరించిన మిగతా లెక్కలన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. అతను పక్కనుంచి చూస్తూ రెండుచోట్ల "ఓహో" అన్నాడు. యంత్రం పెట్టి చూస్తే ఏడు. రేవులో నలభై సార్లు చేశారు, చెరి ఇరవై. ఒక్కటి పోలేదు.

"రేపు కుజుమి గారికి నేను చెప్తాను," అన్నాడు హమాగుచి. తరవాత ముద్ర వేయని కాగితం మీద చెయ్యి పెట్టాడు. "మీరు మాత్రం నోరెత్తకండి. మీ మంచికే చెప్తున్నాను. మీరెవరో గదిలో నలుగురికి తెలిసిందా, ఏజెన్సీ కాగితం తప్పని తేలుతుంది. అప్పుడు నేను ముద్ర వేద్దామన్నా వేయలేను. నాకు తెలియనట్లే ఉంటాను. రేపు సాయంత్రం వేసేస్తాను."

"అలాగేనండీ," అంది మిత్సుయో. కృతజ్ఞత కలగవలసిన చోట ఆమెకు ఊపిరి ఆడలేదు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగింది.

*

శుక్రవారం అదే గది, అవే కుర్చీలు. కుజుమి తన సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ పెట్టె తీసి, అందులోని చిప్పును బల్ల మీద పెట్టింది. "నా ఆట తెచ్చుకున్నాను. మీరు పంపిన కూర్పులో రోజూ రైల్లో ఆడుతున్నాను. నలభై ఒక్క గంటలయింది, తెలుసా? నిన్ననే రేవు దగ్గరికి వచ్చాను. దీని మీదే చూద్దాం."

మిత్సుయో దాన్ని యంత్రంలో పెట్టింది. తెర మీద రేవు, ముసలి పడవవాడు. కుజుమి కథానాయకుడి చెల్లెలికి 'మొమో' అని పేరు పెట్టుకుంది.

"కుజుమి గారూ, ముందు ఒక మాట," అన్నాడు హమాగుచి. "పరిశీలించి చూస్తే ఏడు సెకన్ల కంటే తగ్గించడం మంచిది కాదని తేలింది. ఏడుకు తెచ్చాం. పదకొండుతో పోలిస్తే..."

"ఏడా? బుధవారం వీడియో పంపారు. మూడు. పైవాళ్లందరికీ చూపించాను. చప్పట్లు కొట్టారు."

"అవునండీ, కాని ఆ కూర్పులో అరుదుగా..."

"అరుదుగా ఏమిటి?"

"ఒక్కొక్కసారి రాసింది పాడైపోవచ్చు. చాలా అరుదుగా."

"అరుదైతే విడుదలయ్యాక దిద్దుకుందాం. అందరూ చేసేది అదే కదా. నేను మూడని మాట ఇచ్చేశాను హమాగుచి గారూ. మీరు చూపించారు కనకే ఇచ్చాను."

మిత్సుయో హమాగుచి వంక చూసింది. అతని మెడ మళ్లీ ఎర్రబడుతోంది. తను పంపిన వీడియోలో తనే ఇరుక్కున్నాడు. నుదురు రుద్దుకున్నాడు. ఆమెకు అతని మీద కోపం రాలేదు, అదే చిత్రం. ముద్ర తన చేతిలో ఉన్న మనిషికి కూడా ఇంకెవరి చేతిలోనో ముద్ర ఉంటుందని ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు.

"సరేనండీ," అన్నాడు హమాగుచి. "మూడుదే ఇస్తాం."

"అదీ మాట. ఏదీ, దాని మీద చూపించండి." కుజుమి ఫోను గడియారం తీసి పట్టుకుంది. "మూడు సెకన్ల కూర్పు పెట్టి, నా దాని మీద సేవ్ చేసి, వెంటనే పడవ ఎక్కించండి."

మిత్సుయో కూర్పు మార్చింది. ముసలి పడవవాడి దగ్గరికి కథానాయకుణ్ణి నడిపించింది. 'రాయమంటారా?' అని అడిగింది ఆట. బటన్ మీద బొటనవేలు ఉంది. నొక్కితే చాలు. ఇరవైలో మూడు పోతుంది, పదిహేడు పోదు. సాయంత్రానికి ముద్ర పడుతుంది. రెండేళ్లుగా ఈ గదిలో ఆమెను ఎవరూ వేరే ఏమీ అడగలేదు, నొక్కమనే అడిగారు.

"నొక్కండి," అంది కుజుమి.

మిత్సుయో నొక్కలేదు.

"ఏమండీ? యంత్రం ఆగిందా?"

"లేదండీ. ముందు మీ ఆటను ఇంకోచోటికి కాపీ తీసి ఉంచుకోండి. ఇది పోవచ్చు."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. పసుపు పట్టీ మాట్లాడగా వినడం ఆ గదిలో చాలామందికి అదే మొదటిసారి. హమాగుచి చాలా కొద్దిగా తల అడ్డంగా ఆడించాడు. వద్దని.

"పోతుందని మీకెట్లా తెలుసు?" అంది కుజుమి.

"నేను రాశానండీ ఈ సేవ్ భాగం. మొదటి ముద్రణలో ఇట్లాగే రాశాను, తొందరగా. పోయాయి. తరవాత సరిచేశాను. ఆ సరిచేసిందే ఇప్పుడు తీసేశాం." మాటలు వరసగా వచ్చాయి. "ఏడు సెకన్లు కావాలి. యంత్రం ఎంత వేగంగా ఉన్నా కావాలి. ఆటకు ఆ సంగతి తెలియదు. తను పాత యంత్రంలోనే ఉన్నాననుకుంటుంది. మనం ఉన్నట్లు నమ్మించినన్నాళ్లూ దాని టైం దానికి ఇవ్వాలండీ."

కుజుమి ఆమె మెడలో పట్టీని, ఆమె మొహాన్ని, హమాగుచిని వరసగా చూసింది. హమాగుచి బల్ల వంక చూస్తున్నాడు.

"ఎన్నిట్లో ఎన్ని పోతాయి?"

"ఇరవైకి మూడు."

"అంటే ఎక్కువ మందికి ఏమీ కాదు."

"ఎక్కువ మందికి కాదు."

"అయితే కానివ్వండి. నొక్కండి."

మిత్సుయో లేచి బల్ల చుట్టూ నడిచి వచ్చింది. పిడిని కుజుమి ముందు రెండు చేతులతో పెట్టింది, షాపులో వస్తువు అందించినట్లు. "మీ ఆట కదండీ. మీరే నొక్కండి."

కుజుమి పిడి తీసుకుంది. బొటనవేలు బటన్ మీద ఆనించింది. తెర మీద రేవు, నీళ్లు, మొమో. నలభై ఒక్క గంటలు. ఎవరో టీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. కుజుమి తెర చూసింది. ఇరవైకి మూడంటే పెద్ద లెక్కేమీ కాదు, ఆమే అంది ఆ మాట. వేలు బటన్ మీదే ఉంది. దిగలేదు. కాసేపటికి ఆమె పిడిని నెమ్మదిగా బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ పెట్టె మూత వెతుక్కుంది.

"ఏడు," అంది, ఎవరి మొహమూ చూడకుండా. "పైవాళ్లకు నేను చెప్పుకుంటాను."

*

లిఫ్టులో హమాగుచి, మిత్సుయో ఇద్దరే ఉన్నారు. అయిదో అంతస్తు దాటాక అతను నోరు విప్పాడు.

"నేను ఆ ముద్ర వేయలేను ఒరితా గారూ. అంతమంది విన్నారు. ఏజెన్సీకి ఫోను పోకుండా ఉండదు."

"తెలుసండీ."

"నోరు మూసుకుని ఉంటే సాయంత్రం అయిపోయేది కదా."

"అయిపోయేది."

అతను ఇంకేదో అనబోయి మానేసి, నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకోగానే తల వంచాడు. నీలం పట్టీ పసుపు పట్టీకి వంచేంత కాదు, ఇంకాస్త కిందికి. మిత్సుయో కూడా వంచింది. తలుపు మూసుకుంది.

టెస్టర్ల గదిలో ముకాయ్ కుర్చీ తిప్పి కూర్చున్నాడు. "ఎంతకు తేలింది?"

"ఏడు."

"ఏడా? మూడు మీద నా మధ్యాహ్నం టీ పందెం కాశాను. పోయింది. హమాగుచి ఒప్పించాడా ఆవిడని?"

మిత్సుయో కూర్చుని, హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుంది. మంగళవారం జూన్ ముప్పై, ఈ మూడు నెలల లెక్కకు ఆఖరి రోజు. ఆ తరవాత ఈ కుర్చీ లేదు, ఇంకో కుర్చీ ఎక్కడుందో తెలియదు. భయంగానే ఉంది. కాని ఛాతీలో ఎన్నో ఏళ్లుగా బిగించి ఉంచినదేదో వదులై, గాలి లోపలిదాకా పోతోంది.

"కాదండీ," అంది. "నేను ఒప్పించాను."

ముకాయ్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేసి ఆమె మొహం చూశాడు. చూస్తూ చూస్తూ అతని కుర్చీ నెమ్మదిగా ఆమె వైపు పూర్తిగా తిరిగింది.